సౌండు తీసేసి చూడమన్న అక్క

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "పంతొమ్మిదేళ్ళకే నీకు చిన్నప్పుడేటే?" అంటుంది. ఉంది. పన్నెండేళ్ళు నిండిన వేసవి సెలవుల్లో నా చిన్నతనం అయిపోయింది. అదెలా అయిపోయిందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తప్పు నాది కాబట్టి నేనెప్పుడూ చెప్పలేదు.

మేముండేది గాజువాకలో. వేసవి వస్తే నన్ను అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో ఉన్న మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పంపేసేవారు. నాకా ఊరంటే ఒళ్ళు మంట. ఎటు చూసినా చెరకు తోటలు, నెత్తి మాడ్చే ఎండ, మధ్యాహ్నం అయ్యేసరికి పోయే కరెంటు. నన్ను ఊరుకోబెట్టడానికి అమ్మ తన పాత ఫోను ఇచ్చి పంపేది. అద్దం ఒక మూల పగిలిపోయిన ఫోను. అన్నం తింటున్నా, మంచం మీద పడుకున్నా అది చేతిలోనే ఉండేది. "ఈ గుంటకి దేవుడు సెయ్యి బదులు ఫోను పెట్టేసేడు" అని అమ్మమ్మ గొణుక్కునేది.

అమ్మమ్మ వాళ్ళ పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఇంటర్ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. సబ్బవరంలో ఒక సంబంధం అనుకున్నారు. ఆ ఏడే మిలటరీలోకి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారని ఎక్కడో చూసి, ఎవరికీ చెప్పకుండా నెట్ సెంటర్‌కి వెళ్ళి దరఖాస్తు పెట్టింది. పిలుపు వచ్చింది. జూన్ మొదటి వారంలో సెలెక్షన్. పదహారు వందల మీటర్ల దూరం ఎనిమిది నిమిషాల్లోపు పరుగెత్తాలి. వాళ్ళ నాన్న అవుననలేదు, కాదనీ అనలేదు. "ముందు పరిగెట్టు, తరవాత సూద్దాం" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె రోజూ తెల్లవారగానే తమ్ముడి ట్రాక్ ప్యాంటు వేసుకుని, పైన పొడుగు కుర్తా, నడుముకి బిగించిన చున్నీతో రోడ్డెక్కేది. ఊరి మొదట్లో ఉన్న కల్వర్టు నుంచి పాలకేంద్రం దాకా ఎనిమిది వందల మీటర్లని తమ్ముడి బండి మీటరు మీద కొలుచుకుంది. వెళ్ళి వస్తే లెక్క సరిపోతుంది.

ఊరికి అంతకన్నా పెద్ద వినోదం లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి మరీ చూసేవారు. పెళ్ళి కావలసిన పిల్లకి ఈ పరుగులేటని ఒకరు, ఎండకి నల్లబడితే సబ్బవరమోళ్ళు ఒప్పుకుంటారా అని ఇంకొకరు. కల్వర్టు మీద కూర్చునే కుర్రాళ్ళయితే ఆమె కనబడగానే లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవారు. వాళ్ళకి పెద్ద మా మావయ్య కొడుకు. నాకు బావ. డిగ్రీ తప్పి ఖాళీగా ఉండేవాడు.

నాకు ఆ కల్వర్టు మీద చోటు కావాలి. నన్ను వాళ్ళు వైజాగు పిల్ల అనేవారు, గేదెని చూసి పరుగెత్తానని వెక్కిరించేవారు. అందుకే ఒక పొద్దున్న బావ నా వైపు తిరిగి, "ఊరికే పట్టుకు తిరుగుతావు కదే ఆ ఫోను, మన మిలట్రీని ఓ వీడియో తియ్యి సూద్దాం" అన్నప్పుడు నాకు పదవి ఇచ్చినట్టనిపించింది.

తీశాను. ముప్పై నాలుగు సెకన్ల వీడియో. అక్క పాలకేంద్రం నుంచి తిరిగి వస్తోంది. కల్వర్టుకి యాభై అడుగుల దూరంలో నడుముకున్న చున్నీ వదులై కాళ్ళకి చుట్టుకుంది. బోర్లా పడింది. "ఆర్మీ పడిపోనాదిరోయ్!" "అంబులెన్సు పిలండెహె!" అని అరుపులు. ఆమె లేచి, కుంటుకుంటూనే పరుగెత్తుకొచ్చి, కల్వర్టు దాటి, గట్టు మీదకి వంగి వాంతి చేసుకుంది. అక్కడితో ఆపేశాను. బావ నా భుజం తట్టి, వీడియో తన ఫోనుకి పంపించుకుని, ఊరి కుర్రాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఆ రోజంతా నాకు కల్వర్టు మీద చోటు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సబ్బవరం వాళ్ళు వచ్చారు. వీడియో వాళ్ళ ఊరికి ముందు రోజు సాయంత్రానికే చేరిపోయిందట. మా పెరటి గోడ మీద నుంచి అక్క వాళ్ళ వసారా కనపడుతుంది. అబ్బాయి తల్లి కుర్చీలో కూర్చుని ఫోను అక్క వాళ్ళ నాన్న ముందు పట్టుకుంది. నా వీడియో. నా ఫోనులో తీసింది.

"మా ఊరోళ్ళందరూ సూసేరన్నయ్యా. నవ్వి సచ్చిపోతన్నారు. మా గుమ్మానికి కాపలా ఏటీ అక్కర్లేదు. ఇంటి పని సేసుకునే పిల్ల కావాల గాని, తుపాకీ మోసే కోడలు మాకెందుకు?"

వాళ్ళకి టీ ఇచ్చింది అక్కే. మోకాలు దగ్గర కట్టు ఉంది. ఒక్క కప్పూ చప్పుడు చేయలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక అక్క వాళ్ళ నాన్న లోపలికి వెళ్ళి, ఆమె పదో తరగతి మెమో, మిగతా కాగితాలు అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో పెట్టేశాడు. తాళం మొలతాడుకి కట్టుకున్నాడు. అసలు కాగితాలు లేకుండా సెలెక్షన్‌కి గేటు లోపలికి కూడా రానివ్వరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ రాత్రి వీడియో డిలీట్ చేద్దామని వేలు పెట్టాను. నా దగ్గర తీసేస్తే ఏమవుతుంది, ఊరంతటి దగ్గరా ఉంది కదా అనిపించి వదిలేశాను.

తెల్లవారాక అక్క మా గుమ్మంలోకి వచ్చింది. నేను అరుగు మీద ఉన్నాను. కొడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. సారీ అన్నాను.

"సారీ తరవాత సెప్పుదువుగాని. ఆ వీడియో నీ దగ్గరుందా? మా తమ్ముడి ఫోన్లో సరిగ్గా కనపట్లేదు" అని నా పక్కన కూర్చుంది.

ఇచ్చాను. ప్లే చేయగానే ఆ అరుపులు, ఆ నవ్వులు. ఆమె పక్కనున్న బటన్ నొక్కి సౌండు మొత్తం తీసేసింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు చూసింది. నేను ఫోను వైపు చూడలేకపోయాను. ఆమె మొహం చూశాను. పరీక్ష పేపరు దిద్దే టీచరు మొహంలా ఉంది.

"సూడు, కుడి సెయ్యి అడ్డంగా ఊగిపోతంది. తల పైకెత్తేత్తన్నాను. పడ్డాక లేవడానికి నాలుగు సెకన్లు పట్టింది." తర్వాత ఒక చోట ఆపి, వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ సూడే. కల్వర్టు దగ్గరకొచ్చేసరికి ఒక్కసారి స్పీడు పెంచేసేను. అరుత్తన్నారు కదాని, ఆళ్ళకి సూపించాలని. అందుకే చున్నీ తన్నుకుంది, అందుకే కక్కుకున్నాను. ఇన్నాళ్ళూ నాను పరిగెట్టేది సెలెక్షన్ కోసం కాదు, ఈళ్ళ కోసమే."

నాకప్పుడు ఏం అర్థమైందో చెప్పలేను. ఆమె కోపంగా లేదు అనడం అబద్ధం. దవడ బిగుసుకునే ఉంది. కానీ ఆ కోపాన్ని పక్కన పెట్టుకుని తన తప్పులు తను ఏరుకుంటోంది. తనను అవమానించడానికి తీసిన వీడియోలో తనకు పనికొచ్చేది ఏముందా అని వెతికే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

"సౌండు తీసేత్తే ఇందులో ఉన్నది నా పరుగేనే. ఆళ్ళు లేరు" అంది లేస్తూ. "రేపు అయిదింటికి రా. పక్క నుంచి తియ్యాల. టైము కూడా సూడాల."

సెలెక్షన్‌కి అప్పటికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. అంతలో నాన్న మనసు మారొచ్చని ఆమె ఆశ. ఆ పద్దెనిమిది రోజులూ నేను ఆమె వెంట ఉన్నాను. కల్వర్టు మీద నా చోటు పోయింది. "వైజాగు పిల్ల కూడా పటాలంలో సేరిపోనాదిరా" అని బావ నన్నూ కలిపి అరిచేవాడు. నేను రాయి తీసుకున్నాను ఒకసారి. అక్క నా చెయ్యి పట్టుకుని రాయి కింద పడేసి, "స్టాప్‌వాచ్ ఎవరు నొక్కుతారు?" అంది. రోజూ పరుగు అయ్యాక పాలకేంద్రం వెనక కూర్చుని, సౌండు తీసేసి, ఆ రోజు వీడియో చూసుకునేవాళ్ళం. చున్నీ మానేసింది. కల్వర్టు దగ్గర స్పీడు పెంచడం మానేసింది. ఎనిమిది నిమిషాల ఇరవై నుంచి ఎనిమిది లోపుకి వచ్చింది. ఒక రోజు ఆమె ఆ టైము కాగితం మీద రాసి వాళ్ళ నాన్న కంచం పక్కన పెట్టింది. ఆయన చదివాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

సెలెక్షన్ రోజు వచ్చింది. తాళం మొలతాడుకే ఉంది.

ఆ పొద్దున్న అక్క మామూలుగానే వచ్చింది. నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. బూట్ల తాళ్ళు రెండు సార్లు కట్టుకుంది. అక్కడ ఆడపిల్లల్ని పరుగు పెట్టించే వేళకి ఇక్కడ కల్వర్టు దగ్గర గీత గీసుకుని నిలబడింది. నొక్కమంది. నొక్కాను. ఏడు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు. అంత వేగంగా ఆమె ఎప్పుడూ పరుగెత్తలేదు. చూసింది నేను, పాల క్యాన్లు దింపుతున్న ఒక ముసలాయన. అంతే. టైము చూపిస్తే తలూపింది. ఇంటికెళ్ళి వాకిలి ఊడ్చింది.

సబ్బవరం వాళ్ళు ఆ సంబంధం వద్దనుకున్నారు, దసరాకి ముందే. పరుగు మానిపించినా ఆ వీడియో తిరగడం మానలేదు కదా. ఇప్పుడామె అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో పనిచేస్తోంది. తెల్లవారుజామున అదే కల్వర్టు దగ్గర కంపెనీ బస్సు ఎక్కుతుంది. వాళ్ళ నాన్న ఈ మధ్య ఎవరితోనో "పంపించుండాల్సింది" అన్నాడట. వినగానే నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడనుకుని ఏం లాభం?

ఇప్పుడు మిలటరీకి దరఖాస్తు పెట్టింది నేను. ఈ మధ్య అందులోకి తీసుకునేది నాలుగేళ్ళకే. మా ఇంట్లో యుద్ధం జరుగుతోంది. నాలుగేళ్ళు ఎండలో ఎండి వచ్చాక ఏం చేస్తావని నాన్న. పెళ్ళెలా అవుతుందని అమ్మ. ఆ బావే, ఇప్పుడు బైకు షోరూములో పని, ఫ్యామిలీ గ్రూపులో "దీని సేతికి తుపాకీ ఇత్తే ముందు మనల్నే కాల్సేత్తాది" అని పెట్టాడు, కింద అందరూ నవ్వే బొమ్మలు. నేను కంచం తోసేశాను. గ్రూపులో ఒక్కొక్కళ్ళనీ కడిగేసి బయటికొచ్చేశాను. అరగంటలో మళ్ళీ కలిపారు, మళ్ళీ కడిగేశాను. నాకు ఆ అక్కంత ఓపిక లేదు, రాదు.

కానీ కోపం దిగాక ఒక పని చేస్తాను. వాళ్ళన్న మాటల్లోంచి నవ్వులు, వెటకారం, గొంతు పెంచడం అన్నీ తీసేసి, మిగిలిందేమిటో చూస్తాను. బావ మాటలో ఏమీ మిగలలేదు. నాన్న మాటలో ప్రశ్న మిగిలింది. నాలుగేళ్ళ తర్వాత ఏమిటి? దానికి కూర్చుని జవాబు వెతికాను, ఆయన ముందు పెట్టాను. ఆయనింకా ఒప్పుకోలేదు గానీ నా మెమో నా దగ్గరే ఉంది. కాలేజీలో నా స్నేహితురాలు ఒకతె, "లెక్చరర్ ఒక్క మాటంటేనే నీకు పడదు, అక్కడ పొద్దున్న లేస్తే అరుపులేనే, మొదటి రోజే తిరగబడతావు" అంది. రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. సౌండు తీసేసి చూస్తే అది నిజం.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. బస్సు చప్పుడు వినపడుతోంది. తర్వాత, "టైమెంతొత్తంది?" అని అడిగింది. ఏడు నలభై అన్నాను. "ఇంకా తగ్గించాల" అని పెట్టేసింది.

ఆ ముప్పై నాలుగు సెకన్ల వీడియో ఇంకా నా దగ్గరుంది. మూడు ఫోన్లు మారాను, ప్రతి ఫోనులోకీ దాన్ని తెచ్చుకున్నాను. అన్నేళ్ళూ దాన్ని ఆమె చూసినట్టే సౌండు లేకుండానే చూశాను. మొన్న దరఖాస్తు పంపిన రోజు మొదటిసారి సౌండు పెట్టాను. కుర్రాళ్ళ అరుపులు నేననుకున్నంత గట్టిగా లేవు. దూరంగా ఎక్కడో ఉన్నాయి. వాటన్నిటికన్నా దగ్గరగా, మైకు పక్కనే, ఆమె పడిన దగ్గర నుంచి వాంతి చేసుకునేదాకా ఆగకుండా ఒక పన్నెండేళ్ళ పిల్ల నవ్వు.

ఎవరేమన్నా సౌండు తీసేయడం ఆ అక్క నాకు నేర్పింది. అందరి మాటలకీ తీసేస్తాను. ఆ నవ్వుకి మాత్రం తీయను.