మూడు వందల కేబీల ఊపిరితిత్తులు

కార్మికుల పరిహారం ఆఫీసు వరండాలో, మెట్ల కింద మిగిలిన ముక్కోణపు జాగాలో ఒక బల్ల, ఒక పాత కంప్యూటరు, ఒక స్కానరు ఉండేవి. అక్కడ నెత్తికి దెబ్బ తగలకుండా కూర్చోవాలంటే మెడ వంచాలి. పద్నాలుగేళ్లు వంచీ వంచీ ఆ మనిషి మెడ అలాగే ఉండిపోయింది. ఆయన్ని అందరూ కేబీ మేస్త్రి అనేవాళ్లు.

పని వినడానికి చిన్నదే. రాళ్ల మిల్లుల్లో దుమ్ము మింగినవాళ్లకి ఆసుపత్రివాళ్లు ఎక్స్‌రే తీసి డిస్కులో ఇస్తారు. ఆ బొమ్మ మామూలు కంప్యూటర్లో ఒక పట్టాన తెరుచుకోదు, తెరుచుకుంటే కొండంత ఉంటుంది. ఆఫీసు వెబ్‌సైటేమో ఫైలు సైజు మూడు వందల కేబీ దాటిందంటే ఎర్రక్షరాలు చూపించి గెంటేస్తుంది. అర్జీ, గుర్తింపు కార్డు, మిల్లు ఇచ్చిన కాగితం, ఎక్స్‌రే అన్నీ అందులోనే ఇరకాలి. గంపెడు దూదిని గుప్పిట్లో పట్టించడం లాంటి పని.

దానికి మేస్త్రి ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. శుభ్రం చేయడం అనేవాడు దాన్ని. రంగు తీసేసేవాడు. మడతలు, చెమట మరకలు, బూడిద రంగు మచ్చలు ఏవి కనిపించినా తెలుపులోకో నలుపులోకో తోసేసేవాడు. మచ్చ తగ్గితే బరువు తగ్గుతుంది. ఆయనకి తెలిసిన శాస్త్రం అంతే. "మీ ఫైలు కడిగిన పళ్లెంలా ఉంటుంది మేస్త్రీ" అని లోపలి గుమాస్తా మెచ్చుకునేవాడు. ఆయన పంపిన ఫైలుని వెబ్‌సైటు ఎన్నడూ తిప్పికొట్టలేదు. తర్వాత అర్జీ ఏమైందో ఆయన అడిగేవాడు కాదు. జవాబు ఉత్తరాలు ఎవరివి వాళ్ల ఇళ్లకి వెళ్లేవి.

మేస్త్రి బావ, అంటే అక్క మొగుడు, ఇరవై రెండేళ్లు రాయి కోసే రంపం దగ్గర పనిచేశాడు. అర్జీ పెట్టడానికి వచ్చిన రోజు వరండా ఐదు మెట్లూ ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు.

"ఏం బామ్మర్దీ, నా ఊపిరితిత్తులు నీ పెట్టెలో పట్టాయా?"

"నీ నోరు తప్ప అన్నీ పట్టాయి బావా."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేసరికి ఫైలు వెళ్లిపోయింది.

నెలన్నర తర్వాత అక్క ఒక ఉత్తరం తెచ్చి బల్ల మీద పడేసింది. "చదువు. మీ బావ ఊపిరితిత్తులు స్వచ్ఛంగా ఉన్నాయట. పింఛను ఇవ్వరట. రాత్రంతా కూర్చుని నిద్రపోయే మనిషి నాటకాలాడుతున్నాడన్నమాట."

ఎక్కడో దూరాన ఉన్న డాక్టర్ల బృందం ఫైలు చూసి ఇచ్చిన తీర్పు అది. అప్పీలుకి ముప్పై రోజులు గడువు. మేస్త్రి డిస్కు పెట్టి అసలు బొమ్మ తెరిచాడు. పక్కనే తను పంపింది తెరిచాడు. అసలు దాంట్లో ఆవాలు చల్లినట్టు రెండువైపులా సన్నని తెల్లని చుక్కలు. తను పంపినదాంట్లో ఒక్కటి లేదు. పసిపిల్లాడి ఊపిరితిత్తుల్లా నల్లగా, నున్నగా ఉన్నాయి.

"ఆ చుక్కలేవిరా?" అంది అక్క.

"శుభ్రం చేశాను."

అక్క ఉత్తరం మడిచి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మేస్త్రి లోపలికెళ్లి అడిగితే గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. అసలు ఎక్స్‌రే ఫిల్ములు పోస్టులో పంపడం మానేసి, ఫైలు ఒక్కటే పంపడం మొదలై నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో మెట్ల కింద నుంచి వెళ్లిన దుమ్ము జబ్బు అర్జీల్లో ముప్పై ఒకటి కొట్టేశారు. జబ్బు ముదిరి చుక్కలు మచ్చలుగా కలిసిపోయినవాళ్లవి మాత్రం నాలుగైదు పాసయ్యాయి.

"అప్పీలులో అసలు బొమ్మ పెట్టండి. కానీ మొదటిది ఎందుకు తేడాగా ఉందో రాసివ్వాలి, లేకపోతే దొంగ ఎక్స్‌రే అంటారు" అన్నాడు గుమాస్తా. గొంతు తగ్గించాడు. "రాసిచ్చారంటే మీ బల్ల లేచిపోతుంది మేస్త్రీ. ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం బావ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. "రాయకురా. నాది పోయే ప్రాణం. నీ ఇంట్లో నలుగురు తినాలి" అన్నాడు, మధ్యలో మూడుసార్లు ఆగి.

"రాస్తాడు" అంది అక్క వంటింట్లోంచి.

 మర్నాడు మేస్త్రి మిగతా కాగితాల్ని ఎంత నలపాలో అంత నలిపాడు. అసలు ఎక్స్‌రేలో చుక్కలు దట్టంగా ఉన్న భాగం మాత్రం కత్తిరించి తీసుకుని, ఒక్క చుక్క చెదరకుండా రెండు వందల పది కేబీల్లో ఉంచాడు. అప్పీలు కాగితం కింద తన చేత్తో రాశాడు: 'సైజు తగ్గించడం కోసం మొదట పంపిన బొమ్మలోని గుర్తులు చెరిపినది నేనే. రోగి తప్పు లేదు.' సంతకం పెట్టాడు. అప్పీలు తీసుకున్నారు. వారానికల్లా బల్ల తీయించారు.

రిజిస్టరులోంచి మిగతా ముప్పై చిరునామాలు ఎత్తి రాసుకుని ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. బతికున్నవాళ్లతో "మళ్లీ ఎక్స్‌రే తీయించుకోండి, నేను రాసిస్తాను" అన్నాడు. ఒకడు కాలర్ పట్టుకున్నాడు. ఒకామె మంచినీళ్లిచ్చింది.

పదకొండో ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చుని ఒకామె చిరుగు కుట్టుకుంటోంది. మొగుడు పోయి ఎనిమిది నెలలైందట.

"జబ్బు కనిపెట్టగానే పని మానేశాడయ్యా. తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ఊపిరితిత్తులు బాగున్నాయని. ఎంత సంతోషపడ్డాడో! డాక్టరే పొరబడ్డాడని మర్నాడే మిల్లుకి పోయాడు. ఇంకో ఏడాది చేశాడు." దారం కొరికి తలెత్తింది. "ఇంతకీ మీరెవరు?"

ఆయన చెప్పులు విడిచి, ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు.