తగరపువలస ఎండలో మా జానీ

రెండు నిమిషాల ప్రార్థన అని చెప్పి, మీరెప్పుడైనా రెండు నిమిషాల్లో ముగించారా? పాస్టరుగా నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ ముగించలేదు.

నిన్న శ్రీకాకుళంలో కూటానికి మా కుక్క జానీని కూడా కారులో తీసుకెళ్లాను. రాత్రి అక్కడే ఉండి, ఈరోజు విశాఖ తిరిగొస్తుంటే తగరపువలసలో ఒక విశ్వాసి ప్రార్థనకు పిలిచాడు. రెండు నిమిషాలే కదా అని అద్దాలు మూసిన కారులో జానీని వదిలి లోపలికి వెళ్లాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఆ ఇంటి కోసం, ఊరి కోసం, సమస్త జీవుల కోసం గొంతెత్తాను.

వీధిలో చేపలమ్ముకునే ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఆమెన్ తరవాత సెప్పుకుందురు గానీ, కారు తలుపు తియ్యండి. లోపల కుక్క సచ్చిపోతంది."

పరుగెత్తాను. తాళంచెవి చేతిలోంచి రెండుసార్లు జారింది. తలుపు తీసేసరికి జానీ సీటు మీద వాలిపోయి ఉంది. ఆమె చేపల బేసిన్‌లోని ఐసునీళ్లలో చెంగు తడిపి దాని పొట్ట, పాదాలు తుడుస్తూ కూర్చుంది. చాలాసేపటికి జానీ తలెత్తి, ముందు ఆమె చెయ్యే నాకింది.

జలప్రళయంలో జీవులన్నిటినీ కాపాడిన నోవహు ఓడకు కిటికీ ఉందని ఎన్ని కూటాల్లో బోధించానో. నా కారు అద్దం వేలెడైనా దించలేదు.

బండిలో ఏ ప్రాణినైనా వదిలి వచ్చినవాళ్లు ఇక్కడే చదవడం ఆపి, ఇప్పుడే వెళ్లి తలుపు తీయండి. నన్ను తిట్టే కామెంటు తర్వాత పెట్టొచ్చు.