చెవి దగ్గర ఊపిన డబ్బా

దుబాయ్‌లో పనిచేసి ప్రొద్దుటూరికి తిరిగొచ్చిన ఆయన్ని వీధి వీధంతా మామా అనే పిలిచేది. అక్కడ అంటుకున్న జియోక్యాషింగ్ పిచ్చిని ఆయన వెంట తెచ్చుకున్నాడు. ఒక డబ్బాను ఎక్కడో దాచి ఆ చోటు ఫోన్‌లో పెడితే, ఇంకెవరో వెతికి పట్టుకోవాలి. అదీ ఆట. బంగారు అంగళ్ల వీధిలో బోర్డు వెనక అగ్గిపెట్టెంతది, గండికోట బండల సందులో టిఫిన్ డబ్బా దాచాడు. ఏది దాచినా, ఏది దొరికినా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. దొరికినవాళ్ల కోసం లోపల వేసిన గోలీలు గలగలమంటే ముఖం వెలిగిపోయేది.

ఒకసారి మామా నేనూ జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో కల్వర్టు కింద డబ్బా పెడుతున్నాం. మూత ఊడకుండా మామ దానికి పురికొస బిగించి చుట్టాడు. మా సీమలో నాటుబాంబుకు చుట్టేదీ ఆ పురికొసే. ఇన్నేళ్లు ఎడారిలో ఉండి ఆ సంగతే మరిచాడు మహానుభావుడు.

"ఎవురికి పెడతాండావురా బాంబు?" అంటూ ఊరివాళ్లు కట్టెలతో మీద పడ్డారు. మామ నెత్తి పగిలింది. నా పన్ను రాలింది.

"బాంబు గాదప్పా, ఆట! కావాలంటే ఇను!" అని మామ నెత్తురు కారుతున్న చెవి దగ్గర డబ్బా పెట్టుకుని గట్టిగా ఊపాడు.

కొట్టేవాళ్లంతా కట్టెలు పారేసి పరుగెత్తి, గట్టు చాటున బోర్లా పడ్డారు. ఒకడు మాత్రం కదల్లేదు. అతనికి కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. ఎడమచేత్తో డబ్బాను మెల్లగా తీసుకుని నేలమీద పెట్టాడు.

"చిన్నప్పుడు గడ్డివాములో దొరికితే నేనూ ఇట్లే ఊపినా మామా," అన్నాడు.