కార్డు మీద ఉన్న పేరు

రాసుకో తల్లీ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మదనపల్లెలో మీ తాత క్రెడిట్ కార్డు తీసుకున్నారు. ఏటా ఐదొందలు ఫీజు, వాడేది మాత్రం తక్కువ.

"యాల ఈ దండగ? తీసేయండి" అని సాధించేదాన్ని.

"ఉండనీలేమ్మే. యాడన్నా నా పేరడిగితే నువ్వు పలకవు కదా, ఇది సూపించు" అని నవ్వేవారు. మా కాలంలో ఆడవాళ్లం మొగుడి పేరు పలికేవాళ్లం కాదు.

ఆయన పోయాక మళ్లీ ఫీజు కాగితం వచ్చింది. రద్దు చేయించడానికి బ్యాంకుకు పోయాను. అక్కడి అమ్మాయి కార్డును కత్తిరించి బుట్టలో వేసి, "మీ ఇంటాయన పేరు సెప్పమ్మా" అంటూ ఫారం తీసింది.

చూపించడానికి చేతిలో కార్డు లేదు. "నారాయణప్ప" అన్నాను.

"ఇనపడలా, గట్టిగా సెప్పమ్మా" అంది. మళ్లీ చెప్పాను.

ఐదొందలు మిగిలాయి తల్లీ. నలభై ఏళ్ల కాపురంలో ఆ పేరుతో ఒక్కసారైనా ఆయనకు వినిపించేలా పిలవలేదే అని ఇప్పటికీ ఏడుస్తాను.