ఫ్రిజ్ కూడా స్పష్టంగా రావాలన్నారు

మా ఆయన పాత కెమెరా ఒకటి కొనిచ్చి వారమైంది. లెన్స్ అంకె తగ్గిస్తే మనిషి స్పష్టంగా, వెనకున్నదంతా మసకగా వస్తుందని నేర్పారు. ఈ రోజు అత్తమ్మ పట్టుచీర కట్టుకుని కొత్త ఫ్రిజ్ ముందు నిలబడ్డారు. ఫొటో కార్వాన్ బస్తీలో ఉన్న తన చెల్లెలికి పంపాలట. నేర్చుకున్నట్టే తీసి చూపించాను.

"ఏందే, ఫ్రిజ్‌కు పొగ కమ్మిందా? నా ముడతలైతే ఒక్కటి ఇడువలే! గిట్లయితే ఆ కెమెరా బీరువల వెట్టెయ్."

కిటికీలు తెరిచి, అంకె బాగా పెంచి మళ్లీ తీశాను. ఈసారి ఫ్రిజ్ హ్యాండిల్‌తో సహా అంతా స్పష్టంగా వచ్చింది. అత్తమ్మ మురిసిపోయి, ఫోన్‌లోకి ఎక్కించగానే పంపేశారు.

రెండు నిమిషాల్లో చిన్నత్తమ్మ ఫోన్.

"అక్కా, ఫ్రిజ్ మస్తుంది. దాని మీద స్టీలు డబ్బాకు నా పేరుందేంది? పోయిందంటివి గదా!"

అత్తమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"మొదటి ఫొటోనే మంచిగుండె. ఇగ గట్లనే తియ్యి."

కెమెరా బతికింది. బీరువాలోకి డబ్బా వెళ్లింది.

మీ ఫ్రిజ్ మీది డబ్బాకు ఎవరి పేరుందో ఒకసారి చూసి చెప్పండి.