అరగదీసిన చింతగింజ

డాక్టరమ్మ పోయినారని మొన్న సంతకు వెళ్ళొచ్చిన మా ఆయన చెప్పారు. చెరుగుతున్న చాట కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఆమెను ఎరిగినవాళ్ళు నాలుగు మాటలు రాసి పంపమని ఆస్పత్రిలో ఆమెతో పనిచేసిన మీరు అడిగారట. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. మన్నించి చదవండి.

మాటలు రాని పిల్లలు, మనిషి మొహం చూడని పిల్లలు ఉన్న ఇండ్లు వెతుక్కుంటూ ఆమె కర్నూలు నుంచి పత్తికొండ పక్కనున్న మా ఊరికి వచ్చారు. ఇలాంటివి ఇంటి నెత్తురులో ఎట్లా దిగివస్తాయో తెలుసుకోవడమే ఆమె పని. మా పాపకు అప్పుడు నాలుగేండ్లు. మాట లేదు, పిలిస్తే తిరిగి చూడదు. డాక్టరమ్మ మొదట పెద్దవాళ్ళను కాదు, పాపను పలకరించారు. బదులు వస్తుందన్నట్టు కాసేపు ఆగారు. వచ్చినప్పుడల్లా అంతే. "బిడ్డ మాట్లాడదని మనం మాట్లాడ్డం మానకూడదు" అనేవారు.

మాది మేనరికం, మా అత్త మా నాయనకు సొంత అక్క. అయినా ఇదంతా మా అమ్మ తరపు చెడ్డ నెత్తురని ఆమె మాట. మా ఆయనకు మారుపెండ్లి చేయాలని ఆలూరులో పిల్లను కూడా చూసింది.

డాక్టరమ్మ నేల మీద కూర్చుని చుట్టాల వరస అడిగారు.

"ఏమమ్మా, మందియ్యను వచ్చినావా, సంబంధం చూడను వచ్చినావా?" అంది అత్త.

"సంబంధాలు కుదిరినాకనే నా పని పెద్దమ్మా" అని నవ్వారు.

అత్త చెప్పిన ఒక్కో మనిషికీ నేల మీద ఒకటి పెడుతూ పోయారు: ఆడవాళ్ళకు చింతగింజ, మగవాళ్ళకు గులకరాయి. జబ్బున్న ఆడపిల్లకు ఒక పక్క తెల్లగా అరగదీసిన గింజ. అన్నిటికన్నా కింద మా పాప గింజ తెల్లగా ఉంది.

"మీతో పుట్టినోళ్ళు ఇంకెవరన్నా ఉండారా పెద్దమ్మా?"

అత్త తనే ఒక గింజ తీసుకుని బండకేసి రుద్దింది. తెల్లబడినాక మా నాయన గులకరాయి పక్కన పెట్టింది.

"నా చెల్లెలు. మాటలు రాలేదు. మాకు పెండ్లిళ్ళు కావని మా నాయన అర్రలోనించి బయటికి రానీలేదు. ఆడనే పోయినాది."

"పేరేం?" అని అడిగారు డాక్టరమ్మ. అత్త చెప్పింది. నాకూ మేనత్తే అయినా పుట్టినప్పటి నుంచి నేను ఆ పేరు విని ఎరగను.

"నాకూ అంతా తెలీదు. నీ పక్కనా, నీ తమ్ముని పక్కనా దాగి ఉన్నది బిడ్డలో కలిసిందేమో. ఎవరి పాపమూ కాదు పెద్దమ్మా. నీ కోడలిది అసలే కాదు" అన్నారు డాక్టరమ్మ.

మర్నాడు అత్త మా ఆయనను పిలిచింది. "ఆలూరోళ్ళకు కబురు పంపు. మాకు కోడలు ఉండాదని చెప్పు."

ఆ రోజు పాపకు తనే అన్నం కలిపి పెట్టింది.

అత్త తన చెల్లెలి సంగతి బయట ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే చదివినాక ఈ కాగితం పొయ్యిలో వేయండి.

ఆ గింజలు ఇంకా మా గూట్లో ఉన్నాయి. పాప రోజూ వాటిని వరసగా పేరుస్తుంది. తెల్లవి రెండూ పక్కపక్కనే పెడుతుంది. అత్త ఎదురుగా కూర్చుని దానితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.