అన్నయ్య చేయించుకున్న రక్తపరీక్ష

మా నాన్నను వర్క్‌షాపులో అందరూ ఈలాయన అనేవారు. లోహపు ముక్కలకు సానపట్టడం ఆయన పని. సాన చక్రాల రొదలో పక్కవాడి కేక కూడా వినిపించదు గాని, నాన్న ఈల మాత్రం గేటు దాకా వినిపించేది.

పదహారేళ్ళ కిందట అక్కడ రక్తపరీక్ష పెట్టారు. ధూళి అందరూ పీల్చేదే అయినా, పుట్టుకతో జన్యువుల్లో ఒక తేడా ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తులు వాచి పాడయ్యే ప్రమాదం ఎక్కువట. పరీక్ష ఇష్టమున్నవాళ్ళకే, ఎవరి కాగితం వాళ్ళ చేతికే. పక్క చక్రం మీద పనిచేసే పెదనాన్న చేయించుకున్నాడు. సూదంటే భయపడే నాన్న తప్పించుకున్నారు.

"ఒక తల్లి పిల్లలం. నీకెలా ఉంటే నాకూ అంతేగా అన్నయ్యా. ఏమొచ్చింది?"

"నిక్షేపంలా ఉందిరా," అన్నాడు పెదనాన్న. ఆయన్ని 'అన్నారు' అనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు.

నెల తిరక్కుండా నడుంనొప్పి అంటూ ఆయన స్టోర్‌రూముకి మారిపోయాడు. పాపం అన్నయ్య అనుకుంటూ నాన్న రెండు చక్రాల పనీ నెత్తినేసుకున్నారు.

నిరుడు ఈల ఆగిపోయింది. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు పరీక్షించి, ఆ తేడా నాన్నకుందని తేల్చారు. "మా అన్నయ్యకి లేదండీ," అని నాన్న వాదించారు కూడా.

మొన్నామధ్య ఒక ఆదివారం పెదనాన్న, పెద్దమ్మ వచ్చారు. నాన్న చక్రం మీద పని నాకిప్పించానని, రేపే చేరాలని పెదనాన్న చెప్పాడు. నాన్న దండం పెట్టబోయారు. పెద్దమ్మ చేతిలో కప్పు ఠక్కున కింద పెట్టింది.

"ఈ పిల్లనైనా వదిలెయ్యండి! అప్పటి మీ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది."

నాన్న ఆయన వైపు తిరిగారు. "నీకూ ఉందా?"

"ఇద్దరం చక్రం వదిలేస్తే ఇల్లెలా గడుస్తుందిరా? ఒక్కడైనా..."

"ఆ ఒక్కడూ నేనేనా? సరే, పోనీ." నాన్న ఊపిరి కూడదీసుకున్నారు. "నీ కొడుకుని మేడమీద ఆఫీసులో కూర్చోబెట్టావే. నా కూతుర్నెందుకు పిలిచావు?"

నాన్నకు దగ్గు తెర వచ్చింది. పెదనాన్న వీపు నిమరబోతే నాన్న ఆ చేతిని తోసేశారు.

మర్నాడు నేను పనికి పోలేదు, రక్తం ఇచ్చి వచ్చాను. వారానికి కాగితం వచ్చింది. నాకూ ఉంది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు.

"మీ అన్నకి ఫోన్ చెయ్యి. వాణ్ణీ పరీక్ష చేయించుకోమను. వాళ్ళ నాన్న చెప్పి ఉండడు."